ఓడ మిస్సయినోడు

ఆ ఫోనేదో మోగి ఆగింది, చూడు నాయనా. ఏందీ, మిస్‌కాలా? మిస్‌కాల్ అంటే ఏందిరా ఇక్బాలూ, కాల్ వచ్చినట్టా, పోయినట్టా? వచ్చిందిగానీ మనకి అందలేదంటావు. అంటే అవతల మనిషి ఉన్నట్టే. ఉన్నాడు, మనకే అందలా. బాగుంది. ఇదే మాటకి, ఈ మిస్సు అన్న ముక్కకే, ఒకప్పుడు మన వీధిలో ఇంటింటికీ చక్కెర పంచారు తెలుసా? నవ్వమాక. నీ సెల్లుల షాపుకి రోజూ వచ్చి కూర్చుంటాగానీ ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలా. ఎవరికీ చెప్పలా. జక్కయ్యా, టీ పోస్తే పోశావుగానీ ఆ స్టూలు ఇటు లాక్కుని నువ్వు గూడా కూర్చో. ఇద్దరన్నా లేకపోతే నాకు మాట కుదరదు. అసర్ నమాజు అయింది, మగ్రిబ్‌కి ఇంకా చానా పొద్దుంది. ఎనభై నాలుగేళ్ళకి కళ్ళు పోయినయ్, మోకాళ్ళు పోయినయ్, అల్లా ఈ నోరొక్కటి ఉంచాడు. ఎందుకుంచాడో ఆయనకే తెలియాల.

మెహరున్నీసా తెలుసుగా నీకు, పోయినేడు పోయిందే, మసీదు వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకుని ఉండేదే. మీ అక్కచెల్లెళ్ళందరికీ ఖురాన్ చదవటం నేర్పింది ఆమే. ఆమె మొగుడు అబ్దుల్ గఫార్. నువ్వు చూసుండవు, మీ నాయన గూడా చూళ్ళా. ఫోటో గూడా లేదు వాడిది. నేనూ వాడూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచం. వాళ్ళమ్మ సైదాబీ మా అమ్మకి చెల్లెలు వరస, నేను ఖాలా అనేవాణ్ణి. ఇద్దరం చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో బాయిలరుకి బొగ్గేసే పనికి కుదిరాం. జక్కయ్యా, మీ తాత గూడా ఆ మిల్లులోనే పత్తి బోరాలు మోశాడు, ఆయనకి నేనంటే పడేది కాదు, నేనెక్కువ మాట్లాడతానని. అది వేరే సంగతిలే. మిల్లు గొట్టంలోంచి నల్లగా పొగ లేస్తే ఊరందరికీ సంతోషం, పనుందని. ఇంతలో ఎక్కడో జర్మనీ వాడూ ఇంగ్లీషు వాడూ కొట్టుకోటం మొదలెట్టారు, ఈడ మా మిల్లు తలుపులు మూశారు. గఫారుకి అప్పటికి పెళ్ళయి మూణ్ణెల్లు. వాడే నాతోటి అన్నాడు, జానూ, బాయిలరు యాడైనా బాయిలరే గదరా, ఓడలో గూడా బాయిలరే ఉంటదంట, మనుషులు దొరకట్లేదంట, కలకత్తా పోదాం రమ్మని. సముద్రం సంగతి మా ఇద్దరికీ ఏం తెలుసు? మేం చూసిన పెద్ద నీళ్ళు కృష్ణ. అదీ వానాకాలంలో.

కలకత్తాలో ఓడ పనివాళ్ళకి పెద్దని సరంగు అంటారు. మా సరంగు సిల్హెట్ అనే ఊరి ముసలాయన, అయిదు పూటలా నమాజు తప్పడు. మా ఉర్దూ విని, ఇదేం ఉర్దూ, మిరపకాయ నూరి కలిపారా అని నవ్వాడుగానీ, బొగ్గు పార పట్టుకున్న తీరు చూసి తీసుకున్నాడు. అట్టా తిరిగి తిరిగి నలభై రెండులో స్కాట్లాండు చేరాం. అక్కణ్ణుంచి రష్యా వాళ్ళకి ట్యాంకులూ, తిండి గింజలూ తీసకపోవాల. దారిలో మంచు సముద్రం. నలభై దాకా ఓడలు, వరసలు కట్టి పోతన్నయ్. మన కోటప్పకొండ తిరణాలకి బళ్ళు పోతయ్ చూడు, అట్టా. మొదటిరోజు గఫారు పైకొచ్చి అదే మాటన్నాడు, ప్రభ ఒక్కటే తక్కువరా అన్నాడు. నీళ్ళ కింద మాత్రం జర్మనీ వాళ్ళు. పన్‌డుబ్బీ అనేవాడు సరంగు, నీళ్ళ కిందే మునిగి తిరిగే పడవ. అది మనకి కనపడదు, మనం దానికి కనపడతాం. అదీ ఆ యుద్ధం. తుపాకీ పట్టుకున్నోడు ఎదురుగా ఉంటే తిట్టుకోటానికన్నా మొహం ఉంటది. ఇక్కడ మొహం లేదు.

ఆ మొహం లేనోడికి మమ్మల్ని పట్టిచ్చేది పొగ. ఆకాశంలో నల్లటి గీత లేచిందా, ఇరవై మైళ్ళ అవతల నుంచి పసిగడతాడు. అందుకని పైనుంచి దొర, కిందకి మాట్లాడే గొట్టంలో ఒకటే అరుపు, నో స్మోక్, నో స్మోక్ అని. గఫారు నవ్వేవాడు, చిలకలూరిపేటలో పొగ రాకపోతే తిట్టారు, ఈడ వస్తే తిడతన్నారు, ఈ దొరలకి ఒక దారంటూ లేదురా అని. కానీ పొగ రాకుండా మండించటంలో వాడంతటోడు ఆ ఓడలో లేడు. బొగ్గు గుప్పెడు గుప్పెడుగా, పలచగా, పొయ్యంతా పరిచేవాడు. ఎట్టా నేర్చావురా అంటే, మా అమ్మ జొన్నరొట్టె కాల్చేటప్పుడు చూశా, పొగొస్తే కళ్ళు మండుతయ్యని ఇట్టాగే పుల్లా పుల్లా ఎగదోసేది అన్నాడు. కింద పొయ్యి కాడ ఒంటిమీద బనీను గూడా నిలవదు, అంత వేడి. పైకొస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టేవి. మధ్యలో ఇనప నిచ్చెన. నిచ్చెనకి ఆ కొస నరకం, ఈ కొస నరకం. అల్లా క్షమించుగాక, అట్టా అనగూడదు, కానీ అట్టాగే ఉండేది.

సరిగ్గా ఆ దారిలోనే రంజాన్ వచ్చింది. నెలవంక ఎవరికి కనపడిద్ది, అంతా మబ్బు. సరంగు వేళ్ళ మీద రోజులు చూసుకుని రేపట్నుంచీ అన్నాడు. అంటూనే మా బొగ్గువాళ్ళని పిలిచి, ప్రయాణంలో ఉన్నోడికి మాఫీ ఉంది, ఇంటికి పోయాక ఉందురు, పొయ్యి ముందు నీళ్ళు తాగకుండా ఉంటే చస్తారు అని గట్టిగా చెప్పాడు. నేను ఉపవాసం ఉండలా. గఫారు ఉన్నాడు. అమ్మకి మాటిచ్చా, ఒక్క రోజా గూడా వదలనని, మొదటిరోజే వదిలితే ఎట్టారా అన్నాడు. పొద్దు ముణిగాక రోజా విప్పటానికని స్కాట్లాండులో కొనుక్కున్న ఖర్జూరాలు నాలుగు నా దగ్గర దాచమని ఇచ్చాడు, బొగ్గు మసిలో పాడైపోతయ్యని. నా పని అయిపోయి నేను పైకొచ్చా, స్వెట్టరూ కోటూ తొడుక్కున్నా, వాడు కిందకి దిగాడు. సాయంత్రం అవతా ఉంది. ఆ దేశంలో సూర్యుడు మన సూర్యుడిలాగా గబుక్కున దిగడు. నీళ్ళ అంచు మీద కూర్చుని లేవనంటాడు. నేను ఆ ఖర్జూరాలు జేబులో పెట్టుకుని వాడి కోసం పొద్దు చూస్తా నిలబడ్డా. పొద్దు ముణగలా. టార్పీడో తగిలింది.

చప్పుడు గురించి అడగమాక, నాకు చప్పుడు గుర్తులేదు. ఓడ ఒక పక్కకి ఒరిగింది, గేదె పడుకున్నట్టు, అంత నిదానంగా. నేను ఒక చెక్క తెప్ప మీద పడ్డా, ఇంకో ముగ్గురున్నారు దానిమీద. గఫారు నిచ్చెనెక్కి వచ్చాడు, ఎట్టా వచ్చాడో. ఆ బనీను తోటే, ఒళ్ళంతా చెమట తోటే, పొయ్యి కాడ్నుంచి తిన్నగా ఆ నీళ్ళలోకి. ఈదుకుంటా వచ్చి తెప్ప అంచు పట్టుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నా. లాగాం, అందరం కలిసి రెండు సార్లు లాగాం, వేళ్ళు కొయ్యలైపోయినయ్, వంగవు. మూడోసారి లాగటానికి ఎవరికీ బలం లేదు. మా పక్కనుంచే మా వరసలో ఓడ ఒకటి పోయింది. దానిమీద మనుషులు మమ్మల్ని చూశారు, చేతులూపారు, ఆగలా. ఆగగూడదని హుకుం. ఆగితే దాన్ని గూడా పన్‌డుబ్బీ కొట్టుద్ది. వెనకాల, నీళ్ళలో పడ్డోళ్ళని ఎక్కించుకునే చిన్న ఓడ ఒకటి వస్తది, అందాకా నీ బతుకు నీది. వాళ్ళని నేనేమీ అనను. వాళ్ళ మొహాలు చూశా.

గఫారు అడిగాడు, పొద్దు ముణిగిందంటావా జానూ అని. పళ్ళు కొట్టుకుంటన్నయ్, అంత చలిలో అదీ వాడడిగింది. సూర్యుడు నాకు ఎదురుగా ఉన్నాడు, ఇంత గుండ్రంగా. వాడికి వీపెనక. ముణిగింది అన్నా. అంటే నోరు తెరిచాడు. ఖర్జూరం తీసి నాలిక మీద పెట్టా. బిస్మిల్లా అన్నాడు. నమిలాడో లేదో తెలీదు. అదిరా ఇక్బాలూ, నేనాడిన మొదటి అబద్ధం. దాంట్లో పాపం ఉందో లేదో ఎవరు చెప్తారు? అల్లా మిహర్బాన్. ఆ చిన్న ఓడ వచ్చే సరికి... వాడి చెయ్యి జారిపోయింది. వాడు పోయాడు. జనాజా లేదు, కఫన్ లేదు, గుప్పెడు మట్టి లేదు. ఈ చేతికి రెండు వేళ్ళు లేవని చూస్తావుగా, జిన్నింగు మిషన్లో పోయినయ్యని మీ పిల్లకాయలకి చెప్తా గదా. మిషన్లో కాదు, అక్కడ, ఆ చలికి కుళ్ళితే రష్యా ఆసుపత్రిలో తీసేశారు.

మళ్ళీ స్కాట్లాండు, మళ్ళీ కలకత్తా, ఇంటికొచ్చే సరికి రోహిణి ఎండలు. రైలు దిగి నడిచొస్తన్నా, కాళ్ళు కాలతన్నయ్, నాకు మాత్రం వణుకు. దారంతా ఒకటే మాట కూర్చుకుంటా వచ్చా, ఖాలాకి ఎట్టా చెప్పాల, మొదలేంది, చివరేంది అని. గుమ్మం ముందు ఖాలా బియ్యం ఏరతా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చాట పక్కన పెట్టి, ఇన్నాళ్ళకి వచ్చావా నాయనా అని నా తల నిమిరి, నవ్వతా అడిగిందీ, ఏ ఊళ్ళోరా మీవోడు ఓడ మిస్సయింది అని.

నాకు అర్థం కాలా. అప్పుడు చెప్పింది. నేను రాకముందే కంపెనీ వాళ్ళ టెలిగ్రాం వచ్చిందంట. ఇంగ్లీషులో. మన వీధిలో చదివేవాళ్ళెవరు? మిల్లు గుమాస్తా గోపాలకృష్ణయ్య గారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన మంచి మనిషి, థర్డ్ ఫారం దాకా చదివాడు, వారానికి రెండుసార్లు గుంటూరు రైలందక తిరిగొచ్చి, బండి మిస్సయ్యానండీ అనేవాడు. ఆయనకి మిస్ అంటే అదే. కళ్ళజోడు సర్దుకుని చదివాడంట, రిగ్రెట్, అబ్దుల్ గఫార్ మిస్సింగ్, అంటే ఏం లేదమ్మా, మీవాడు ఓడ మిస్సయ్యాడు, బయలుదేరే టైముకి అందుకోలా. మరి ముందర ఈ రిగ్రెట్ ఏందయ్యా అని ఎవరో అడిగితే, కంపెనీ వాళ్ళు విచారిస్తన్నారు, మంచి పనోడు అందలేదే అని, అన్నాడంట. ఓడ మునిగిందని ఎట్టాగూ చెప్పుకుంటన్నారు. అంటే మునిగే ఓడ మావాడు ఎక్కనే లేదు. ఇంక ఆనందం ఆపేదెవరు? ఖాలా దర్గాలో ఫాతిహా చదివించి వీధంతా చక్కెర పంచింది. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, చిలకలూరిపేట బస్సు గూడా ఏనాడూ టైముకి ఎక్కలా, ఆ బద్ధకమే నా బిడ్డని కాపాడింది అంటా ఉంది నాతోటి. తలుపు పక్కన మెహరున్నీసా నిలబడి ఉంది, దుపట్టా కొస పళ్ళ మధ్య పెట్టుకుని. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఏ ఊళ్ళోరా అని ఖాలా మళ్ళీ అడిగింది. గ్లాస్గోలో అన్నా. నా నోరే అంది. ఓడ కదిలే టైముకి రాలేదు ఖాలా, అక్కడే ఎక్కడో పని చూసుకునుంటాడు అన్నా. ఇంకో మాట గూడా అన్నా, ఆమె సంతోషం కోసం. రోజూ నీ జొన్నరొట్టె గురించే చెప్పేవాడు ఖాలా అన్నా. ఖాలా కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. ఈ రోజు ఉండనియ్, రేపు చెప్దాం అనుకున్నా. రేపు చెప్దాం.

తర్వాత గోపాలకృష్ణయ్య గారే వచ్చాడు నా దగ్గరికి. ఆయన ఎక్కడో డిక్షనరీ చూశాడు. మొహం పాలిపోయి ఉంది. ఒరే జాన్ సాహెబూ, నిజం చెప్పు నాయనా, నేను తప్పు చదివానా అన్నాడు. ఆ ముసలాయన్ని చూస్తే జాలేసింది. లేదు బాబుగారూ, తమరు సరిగ్గానే చదివారు అన్నా. నా రెండు చేతులూ కళ్ళకద్దుకుని పోయాడు. చూశారా, అబద్ధం ఎంత పుణ్యంగా కనపడుద్దో.

జక్కయ్యా, నీకోసం ఎవరో అరుస్తన్నారు చూడు, టీలంట. పో, పోయిరా, నీ బేరం నువ్వు చూసుకో. కథ ఎక్కడికీ పోదు.

పోయాడా? సరే, ఇటు దగ్గరికి రా నాయనా. మిగతాది ఒక్కడు వింటే చాలు.

నాలుగేళ్ళు గడిచినయ్. యుద్ధం అయిపోయింది, గ్లాస్గో నుంచి ఒక్క కార్డు ముక్క రాలా. తెల్లోళ్ళ దేశం పోయి మమ్మల్ని మరిచాడని కొందరు, ఏ దొరసాన్నో కట్టుకున్నాడని కొందరు. ఆ మాట గూడా నావల్లే పడింది వాడికి, రోజాతోటి పోయినోడికి. ఎడ్లపాడు నుంచి ఒక సంబంధం వచ్చింది మెహరున్నీసాకి. పెళ్ళాం పోయిన మనిషి, గుడ్డల అంగడి, నెమ్మదస్తుడు. నాలుగేళ్ళు కబురు లేకపోతే నిఖా తెగ్గొట్టించుకోటానికి దారుందమ్మా అని ఖాజీ గారు చెప్పారు. ఆ పిల్ల ఒకటే అంది, నాకు ఆ దారి వద్దు, ఆయన లేడని జాన్ భయ్యా చెప్తే మొగుడు పోయినదానిలాగా ఇద్దత్ కూర్చుంటా, తర్వాత మీరు ఏం చెప్తే అది, జాన్ భయ్యా చెప్పాల అంది. నన్ను పిలిచారు. ఇదే మసీదులో, జుమా నమాజయ్యాక. ఖాజీ గారు అడిగారు, జాన్ సాహెబ్, ఆ మనిషి చావు మీ కళ్ళతో చూశారా అని. ప్రమాణం చెయ్యమన్లా నాయనా. నేను నమాజీనని, నమ్మి, ఊరికే అడిగారు.

చూళ్ళేదు అన్నా.

ఖాలా కోసం అని నాకు నేను చెప్పుకున్నా. ముసలిది తట్టుకోలేదు, ఆమె పోయాక చెప్దాం అని. అదీ కొంత నిజమే. ఆడిన అబద్ధం బయటపడుద్దని భయం, అదీ కొంత. కానీ అసలు సంగతి ఇందాక జక్కయ్య ముందు చెప్పలా. చెయ్యి జారిందన్నా గదా. జారలా. ఆ చిన్న ఓడ మా పక్కకొచ్చి తాళ్ళ వల దింపింది. అది పట్టుకుని ఎక్కాల, ఎక్కాలంటే రెండు చేతులూ కావాల. నాకు ఒక చేతిలో గఫారు ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నయ్. పలకరించా, పలకలా. ఖర్జూరం బుగ్గలోనే ఉంది. పోయాడనే అనుకున్నా. వదిలా. వదిలేటప్పుడు ఆ వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నయ్యా, చలికి బిగిసిపోయి అట్టా ఉన్నయ్యా? అరవై రెండేళ్ళ నుంచి చూసుకుంటన్నా ఈ చెయ్యి. చావు చూశావా అంటే ఏం చెప్పను? చూశానని చెప్తే, ఎట్టా చూశావు, ఎంత దగ్గర్నుంచి చూశావు అంటారు. అప్పుడు ఇది చెప్పాల.

ఖాలా చైనా యుద్ధం వచ్చిన ఏడు దాకా బతికింది. చివరి రోజు గూడా వాడు వస్తే తలుపు తియ్యి అని కోడలికి చెప్పి పోయింది. అప్పటికి మెహరున్నీసాకి తల నెరవటం మొదలైంది. ఎడ్లపాడు ఆయనకి ఎప్పుడో పెళ్ళయి పిల్లలు గూడా పెద్దోళ్ళయ్యారు. ఇంక చెప్పి ఏం లాభం, నీ బతుకు నేనే తిన్నా తల్లీ అని చెప్పటానికా? ప్రతి రంజాన్ మొదటిరోజూ ఇఫ్తార్‌కి వాడి పేరుమీద మసీదుకి ఖర్జూరాలు పంపేవాణ్ణి, ఆ పేరు ఎవరికీ చెప్పకుండా. అంతవరకే నా ధైర్యం. నా మాటలు వినటానికి వీధంతా చేరుద్ది, ఈ ఒక్క మాట మాత్రం రాలా.

పోయినేడు ఆమెకి బాగా లేదంటే చూసిరావటానికి పోయా. ఆస్పత్రి వద్దంది. మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి, ఈ రెండు వేళ్ళు లేని చెయ్యే, తీసుకుని చానాసేపు చూసింది. తర్వాత అడిగింది, ఆ నీళ్ళు చానా చల్లగా ఉంటయ్యా భయ్యా అని. నీకెప్పట్నుంచి తెలుసమ్మా అన్నా. నువ్వొచ్చిన రోజే అంది. అత్తతో, ఆయన నీ రొట్టె గురించి చెప్పేవాడు అన్నావు గదా. మేమందరం చెప్తాడు, అంటాడు, వస్తాడు అనుకునేవాళ్ళం. నువ్వొక్కడివే చెప్పేవాడు అన్నావు. ఆ మాటకే తెలిసిపోయింది అంది.

మరి ఎందుకమ్మా, ఎడ్లపాడు సంబంధం, ఇన్నేళ్ళు, ఎవరి కోసం చూశావు తల్లీ అన్నా. ఆమె నవ్వలా, ఏడవలా.

ఆయన కోసం కాదు భయ్యా, నువ్వు చెప్తావని చూశా, అంది.

...

ఆ నెంబరు ఎవరిదో చూడు నాయనా. తిరిగి చెయ్యి. అవతల ఎవరో కూర్చుని ఉంటారు.